రెండు నల్ల పాటల పెట్టెలు

అనగనగనగా, మరీ రాజుల కాలం కాదులే, పాటలన్నీ గుప్పిట్లో పట్టేంత పెట్టెల్లోకి వచ్చేసిన రోజుల్లో, ఒక ఊళ్ళో మాణిక్యం అనే పెద్దకోడలు ఉండేది. మంచి మనిషే. కానీ ఒట్టి అనుమానప్పక్షి. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనుకునేది, నవ్వకపోతే ఇంకాస్త ఎక్కువ కలిపాడనుకునేది.

మాణిక్యం వాళ్ళమ్మ ఆ ఏడే పోయింది. అంతకుముందు ఆవిడ పాడిన లాలిపాటలన్నీ మాణిక్యం తమ్ముడు ఫోన్లో దాచి ఉంచాడు. "అక్కా, ఒక పాటల పెట్టె కొనుక్కో, అందులో ఎక్కించి ఇస్తాను" అన్నాడు. సరేనని మాణిక్యం కొట్టుకు వెళ్ళింది.

అక్కడ చిన్న పెట్టెలు ఎరుపు, పసుపు, నీలం, గులాబీ, ఎంత ముద్దుగా ఉన్నాయో! కానీ వాటిలో కాసిని పాటలే పడతాయట. అప్పుడు మధ్యరకం చూపించమంది. అవి తెలుపు, బూడిదరంగు, అంతే. వాటిలోనూ అమ్మ పాటలన్నీ పట్టవు. ఆ తర్వాత పెద్దరకం చూపించమంది. అన్నీ నలుపే.

"ఏమయ్యా, ఎర్రవి లోపల దాచి నీ వాళ్ళకి ఇచ్చుకుంటున్నావా?"

"అయ్యో తల్లీ, పెద్దవాటికి కంపెనీవాళ్ళు నలుపు తప్ప వెయ్యరు. నేనేం చేసేది?"

మాణిక్యం నమ్ముతుందా? బల్ల వెనక్కి తొంగి మరీ చూసింది. ఏమీ కనబడక నల్లదే కొనుక్కుంది. తమ్ముడు పాటలు ఎక్కించాడు. ఆ తర్వాత వాడి ఫోను నీళ్ళలో పడి పాడైపోయింది. ఇక అమ్మ గొంతు ఆ నల్లపెట్టెలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

ఇంతలో చిన్నకోడలు వరహాలు కూడా అదే కొట్టుకెళ్ళి, పెద్దదే, నల్లదే కొనుక్కొచ్చింది. 'చూశావా, నాది మార్చేసుకోవడానికే!' అనుకుంది మాణిక్యం. అమ్మ పాటల్ని ఆ పిల్ల చెరిపేసి సినిమా పాటలు ఎక్కిస్తుందేమోనని ఆమె భయం.

అప్పుడు గుర్తుకోసం తన పెట్టెకి ఎర్రదారం కట్టింది. తెల్లారేసరికి వరహాలు పెట్టెకీ ఎర్రదారం. మాణిక్యం తన దారం పక్కనే బొట్టుబిళ్ళ అంటించింది. సాయంత్రానికి వరహాలు పెట్టెకీ బొట్టుబిళ్ళ. ఇలా కాదని మూడోసారి దాచేయాలనుకుంది. వంటింటి కిటికీలో రెండు పెట్టెలూ ఛార్జింగుకి పెట్టి ఉన్నాయి. ఇంతలో వరహాలు పట్టీల చప్పుడు. గబుక్కున ఒకటి లాగి కందిపప్పు డబ్బాలో దాచేసింది.

మధ్యాహ్నం దాన్ని తీసి ఇయర్‌ఫోన్లు చెవిలో పెట్టుకుంటే ఏముంది? అమ్మ గొంతు కాదు. పాత క్యాసెట్టులోంచి ఎక్కించినట్టు గరగరమంటూ ఎవరో మగమనిషి. "పడుకో వరాలమ్మా, నాకు లాలిపాటలు రావే, బండి తోలేటప్పుడు పాడేదే వచ్చు" అంటూ పాడుతున్నాడు.

"దొంగ దొరికింది!" అని మాణిక్యం పెరట్లోకి పరుగెత్తింది. అక్కడ బట్టలుతికే రాయి మీద వరహాలు, చెవుల్లో పాటలు, కళ్ళనిండా నీళ్ళు.

"ఎన్నాళ్ళ నుంచి కాచుకున్నావే దీనికోసం?"

వరహాలు ఉలిక్కిపడి లేచింది. "కిటికీలో ఒక్కటే ఉంటే నాదే అనుకుని తెచ్చుకున్నానక్కా. వినగానే ఇచ్చెయ్యాల్సింది. మనసొప్పలేదు."

"మరి ఆ దారం? ఆ బొట్టు?"

"దిష్టి తగలకుండా పెట్టావనుకున్నాను. నా పెట్టెలో మా నాన్న ఉన్నాడు కదక్కా, అందుకని నేనూ పెట్టాను."

మాణిక్యానికి అప్పుడు తెలిసింది. తప్పు పెట్టె లాక్కున్నది తనే. సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

వరహాలు మాణిక్యం పెట్టెను రెండు చేతులా అందించింది. "నన్ను కనగానే మా అమ్మ పోయింది. లాలిపాట ఇలా ఉంటుందని ఇవాళే తెలిసిందక్కా."

మాణిక్యం పెట్టె తీసుకోలేదు. ఆ రాయి మీదే ఆమె పక్కన కూర్చుంది. "ఇంకా చాలా ఉన్నాయి, విను. అన్నిట్లోనూ అమ్మ 'మాణిక్యం, మాణిక్యం' అంటుంది. ఆ చోట వరాలు అనుకో" అంది.

ఆ తర్వాత ఏ పెట్టె ఎవరిదని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. కొట్టువాడు ఎర్రది దాచాడన్న అనుమానం మాత్రం మాణిక్యానికి ఇప్పటికీ పోలేదనుకో!

ఏమే, కళ్ళు మూశావా, మూసినట్టు నటిస్తున్నావా? నాకెందుకో అనుమానంగానే ఉంది.

పెట్టెలు గూటికి, పాటలు చెవికి,
కథేమో కంచికి, కునుకేమో కంటికి.