ఏడో వరుస

దైవాధీనం మాస్టారి ఎదుట ఎవరైనా కాగితం మీద వేలిముద్ర వేయాలంటే, ముందు ఆ కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వాళ్లకు చదివి వినిపించాలి. అడుగున చిన్న అచ్చులో ఉన్న నిబంధనలు కూడా వదలకూడదు. విన్నవాళ్లు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అప్పుడు గాని ఆయన ఇంకు ప్యాడు మూత తీసేవారు కాదు. బస్టాండు పక్కన ఆయన అద్దెగది ఎదురుగా ఒక టీ కొట్టు ఉంది. సారు చదవడం మొదలుపెడితే ఇంకో విడత పాలు కాచుకోవచ్చని ఆ కొట్టతను వచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు.

ఆ గదికి వచ్చేవాళ్లు చాలావరకు చుట్టుపక్కల తండాల తల్లులు. ఒకప్పుడు వాళ్ల ఆడపిల్లలను పుట్టిన వారం తిరక్కుండానే తీసుకుపోయి, దత్తత పేరుతో దూరదేశాలకు పంపేశారు. ఆ పిల్లల జాడ కోసం అర్జీలు రాయడం మాస్టారి పని. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న భూలక్ష్మి నాలుగేళ్లలో ఎన్ని అర్జీలు రాసిందో ఆమెకే గుర్తు లేదు. ఒక్క బిడ్డ ముఖమూ చూడలేదు. ఒక సాయంత్రం గదికి తాళం వేస్తూ ఆమె అడిగింది.

"సార్, పోయిన పిల్లలు తిరిగి రారని మనకు తెలుసు. మరి మనం ఈ తల్లులకు చేస్తున్నది ఏమిటి?"

మాస్టారు తాళంచెవి అందుకున్నారు. రేపు కేస్లి వస్తుంది, ఆమె ఫారం నువ్వే చదువు అన్నారు.

కేస్లి సంగతి మిగతా తల్లుల సంగతి లాంటిది కాదు. ఆమె కూతురు బతికే ఉంది. ఇరవై రెండేళ్ల ఆ పిల్ల కన్నతల్లి ఎవరో తెలుసుకోవాలని తనంతట తానే పట్నంలోని దత్తతల ఆఫీసుకు ఉత్తరం రాసింది. తల్లి ఒక అచ్చు ఫారం నింపి వేలిముద్ర వేస్తే, ఆ ఫారం నకలూ తల్లి చిరునామా కూతురికి పంపుతారు. శుక్రవారం ఆఖరు తేదీ. గురువారం పదకొండు గంటల బస్సులో భూలక్ష్మి దాన్ని పట్నం తీసుకుపోవాలి.

కేస్లి తెల్లవారకముందే తండాలో బయలుదేరి నడిచి వచ్చింది. భూలక్ష్మి చదవడం మొదలుపెట్టింది. ఆరో వరుస అయ్యాక ఎనిమిదో వరుసకు పోయింది. బస్సుకు వేళవుతోంది, పైగా ఆ ఏడో వరుస ఆ తల్లికి వినిపించడానికి ఆమెకు నోరు రాలేదు. మాస్టారు తల ఎత్తకుండానే "ఏడో వరుస" అన్నారు.

భూలక్ష్మి చదివింది. పై బిడ్డను నా పూర్తి ఇష్టంతో దత్తతకు ఇచ్చితిని.

కేస్లి ఫారం వైపు వంగి చూసింది. తర్వాత, ఈ కాగితం తన బిడ్డ చదువుతుందా అని అడిగింది. తర్జుమా చేయించుకుని చదువుతుందని భూలక్ష్మి చెప్పింది.

"నేనియ్యలే బిడ్డా. పిల్ల బలహీనంగున్నది, నాలుగు దినాలు పెట్టుకొని సాదుతమన్నరు. దవాఖాన కాగితమని ఏలు వట్టి ముద్రేయించిన్రు. తొమ్మిదో దినం పోతే పిల్ల లేదు."

అది తమకూ తెలుసునని, అయినా అందరి ఫారాల్లోనూ అదే అచ్చు ఉంటుందని, కొట్టివేతలు ఉంటే చెల్లదని అడుగున రాసి ఉందని భూలక్ష్మి నచ్చజెప్పింది. తిప్పి పంపితే నెలలు పడతాయి. అప్పటికి ఆ పిల్ల మనసు మార్చుకుంటే ఇక దారే ఉండదు. సాయం కోసం మాస్టారి వైపు చూసింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

కేస్లి తన బొటనవేలిని తిప్పి చూసుకుంది.

"తెల్వక ఏసిన ముద్ర ఇరవై రెండేండ్లు చెల్లింది. తెలిసి కొట్టేస్తె చెల్లదా?"

భూలక్ష్మి స్కేలు పెట్టి ఏడో వరుస మీద అడ్డంగా గీత గీసింది. కేస్లి ఫారం చివర ఒక ముద్ర, ఆ గీత మీద ఇంకొక ముద్ర వేసింది. అప్పటికే పదకొండు గంటల బస్సు వెళ్లిపోయింది. భూలక్ష్మి రెండు గంటల బస్సులో నిలబడి పట్నం పోయింది.

మూడు వారాలకు ఫారం తిరిగి వచ్చింది. కొట్టివేత ఉన్నందున చెల్లదని దాని మీద ముద్ర కొట్టి, జతగా ఖాళీ ఫారం ఒకటి పంపారు. గడువు మాత్రం ఒక నెల పొడిగించారు. సంగతి చెబితే కేస్లి ఒక్కటే అడిగింది, మళ్లీ గీత కొట్టే పంపుతారు కదా అని. ఆమె వెళ్లాక భూలక్ష్మి ఖాళీ ఫారం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"ఆ ఒక్క వరుస వదిలేసి ఉంటే, సార్, ఈపాటికి ఆ పిల్లకు తల్లి చిరునామా చేరేది."

మాస్టారు స్కేలు తీసి ఆమె వైపు జరిపారు.

"చేరేది," అన్నారు. "ఏ తల్లిది? పూర్తి ఇష్టంతో ఇచ్చిన తల్లిదా?"