అరవై నాలుగో షరతు

వల్లభయ్యకు మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. ఒంట్లో జబ్బేమీ లేదు. రాస్తున్న ఒప్పందం పూర్తి కావడం లేదు, అంతే. ఒక షరతు రాసి కలం కింద పెడతాడు. లేచి నాలుగడుగులు వేస్తాడు. ఇంకేదో గుర్తొచ్చి మళ్లీ వచ్చి కూర్చుంటాడు. ఆయన లేచీ కూర్చునీ, లేచీ కూర్చునీ, పాపం ఆ చాప అంచులు కూడా ఊడిపోయాయి.

ఆ ఒప్పందం సంగతేమిటో ముందు చెప్పుకోవాలి.

గుండ్లకనుమ దిగువన దస్తగిరి తాత తకియా ఉండేది. తకియా అంటే ఫకీరు కూర్చున్న చోటు. తాత దూదేకులాయన. ఒకప్పుడు దూది ఏకి బతికాడట. తర్వాత దేవుడి ధ్యాసలో పడి, ఆ కొండ కింద కూర్చుండిపోయాడు. దారిన పోయేవాళ్లకు నీళ్లూ నీడా చూపించడమే ఆయన నమాజు తర్వాత నమాజు. ఆయన చుట్టూ ఒక బావి, ఒక రాతి తొట్టి, పొడుగాటి పశువుల చావిడి, బస్తాలు దించుకునేందుకు చదును చేసిన నేల, అన్నీ ఒక్కొక్కటే పుట్టుకొచ్చాయి. పక్కనున్న నలభై గడపల ఊరు వాటి మంచిచెడ్డలు చూసుకునేది.

ఆ రోజుల్లో సముద్రం వైపు నుంచి ఉప్పు ఎద్దుల వీపుల మీద వచ్చేది. ఆ ఉప్పు తోలుకొచ్చే రూప్లా నాయకుడి తండాకు రెండు వందల ఎద్దులు ఉండేవి. కనుమ ఎక్కేముందు ఎక్కడో ఒకచోట దిగి, బరువులు దించి, పశువులకు నీళ్లు తాపి, జీనులు కుట్టించుకుని పోవాలి. ఇకమీదట పన్నెండేళ్లు ఇక్కడే దిగుతామని నాయకుడు కబురు పెట్టాడు. మీరు మాకేం ఏర్పాట్లు చేస్తారో, మేం మీకేం చేయాలో కాగితం మీద పెట్టండి అన్నాడు. బదులుగా ఊరికి సరిపడా ఉప్పు ఇస్తాడు. మందలు పడుకున్న చోటి ఎరువంతా ఊరి పొలాలకే. ఏటా ఒకసారి తండా మగవాళ్లంతా దిగి బావి పూడిక తీస్తారు.

ఊరికి ప్రాణం లేచొచ్చింది. కిందటేడు తండా ఇంకో కనుమ దారిన పోతే ఎరువు లేక చేలు పాలిపోయాయి. మూడు ఇళ్లవాళ్లు తలుపులకు ముళ్లకంప అడ్డం పెట్టి వలసపోయారు. ఈ ఏడు కూడా పోతే ఇంకెన్ని తలుపులకు కంప పడుతుందో ఎవరూ పైకి అనలేదు గానీ, అందరికీ తెలుసు.

"నీకు రాత వచ్చు కదా వల్లభా, రాయి" అన్నాడు తాత.

వల్లభయ్య తాత దగ్గర చేరక ముందు కరణం కచేరీలో రాయసం చేసినవాడు. మొదటి రోజు ఒప్పందం అరఠావులో తేలిపోయింది. నీళ్లు, నీడ, కాపలా ఊరివాళ్లు చూడాలి. ఉప్పు, ఎరువు, పూడిక తీత తండావాళ్లు చూడాలి. పాడైనదాన్ని బాగుచేసుకోవడం ఇద్దరిదీ.

రాసి, చదువుకుని, ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాడు. ఇద్దరిదీ అంటే ఎవరిది?

ఆ అరఠావును చాప కిందికి తోసి, కొత్త ఠావు తీశాడు. అక్కణ్ణుంచి మొదలైంది. మోట తాడు ఎవరు ఇవ్వాలి, ఎవరు మార్చాలి, తెచ్చే మనిషికి జ్వరం వస్తే ఎవరు తేవాలి. చావిడి కప్పు లేచిపోతే ఎవరు కప్పాలి, పడమటి గాలికి లేస్తే ఎవరు, తూర్పు గాలికి లేస్తే ఎవరు. కాపలా కుక్క తండా కుక్కను కరిస్తే ఏమిటి. తండా కుక్కే ముందు మొరిగి ఉంటే ఏమిటి. అరఠావు నాలుగు ఠావులయింది. నాలుగు ఠావులు చుట్టగా చుడితే మోచెయ్యంత అయింది. షరతులు అరవై మూడు.

అక్షరం ఎంత చిన్నది! చీమంత కూడా ఉండదు. అంత చిన్నదానిలో మనిషి ఇంత భయాన్ని ఎలా దాచుకుంటాడో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

రాసినప్పుడల్లా వల్లభయ్య అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించేవాడు. చదువు రానివాళ్లు విన్నదాన్ని గట్టిగా పట్టుకుంటారు. రాసుకునే వీలు లేదు కదా, గుండెలోనే పెట్టుకోవాలి. ముందే వచ్చి దిగిన తండా మనుషులూ విన్నారు, ఊరివాళ్లూ విన్నారు. ఎవరి షరతు వాళ్లకు కంఠతా వచ్చేసింది. మోట తోలే ఓబులేసు అయితే తన వాటా షరతుల్ని ఎద్దులకు పాటలా పాడి వినిపించేవాడు. ఇంకో రెండు పెరిగితే ఈ కాగితాన్ని మోయడానికి వేరే ఎద్దు కావాలయ్యా అని వేళాకోళం కూడా చేశాడు. వల్లభయ్యకు నవ్వు రాలేదు.

ఎందుకు రాలేదో తాతకు ఒక్కడికే తెలుసు.

నాలుగేళ్ల కిందట వల్లభయ్య ఒక రేవుకు ఒప్పందం రాశాడు. ఒకవైపు సంత పెద్దలు, ఒకవైపు పడవవాళ్లు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఏటి మీద లావుపాటి తాడు కట్టి ఉండేది. పడవలో ఉన్నవాళ్లు దాన్ని పట్టుకుని లాక్కుంటూ దాటేవారు. పడవ ఎవరిదో రాశాడు, రేవు మెట్లు ఎవరివో రాశాడు, తాడు ఎవరు కట్టాలో రాశాడు. అరిగితే ఎవరు మార్చాలో రాయడం మరిచిపోయాడు. వాళ్లు మారుస్తారని వీళ్లు, వీళ్లు మారుస్తారని వాళ్లు ఊరుకున్నారు. ఏరు నిండుగా వచ్చిన రోజున తాడు తెగింది. గంగులు అనే పడవమనిషి ఏట్లో కొట్టుకుపోయి, మళ్లీ దొరకలేదు.

ఆ వారమే వల్లభయ్య కచేరీ వదిలేసి వచ్చాడు. ఒక్క వాక్యం, తాతా, ఒక్క వాక్యం రాసి ఉంటే, అని తకియా గడప మీద కూర్చుని ఏడ్చాడు. తాత లేచి వచ్చి, చేతికి చీపురు ఇచ్చాడు. నాలుగేళ్లు వల్లభయ్య ఊడ్చాడు. ఇన్నాళ్లకు మళ్లీ కలం పట్టమనేసరికి, ఆ రాయని వాక్యం ఎక్కడ దాక్కుందోనని అన్ని మూలలూ వెతుకుతున్నాడు.

నాలుగో రోజు పొద్దు తిరిగాక నాయకుడు పెద్దమందతో దిగాడు. పొట్టివాడు, నడుముకు కత్తి, చెవులకు పోగులు. వస్తూనే వల్లభయ్య ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అయిందా సామీ?"

"ఇంకొక్కటి ఉందేమో చూస్తున్నా."

"పై కనుమవాళ్లు నాకు ఒక్క ముక్క రాయలేదు. నీళ్లు మాత్రం చూపించారు." చావిడి నీడ వైపు గడ్డంతో చూపించాడు. "ఆ నీడ తొట్టి అంచుకు వచ్చేదాకా ఉంటా. కాగితం ఉంటే ఈ కనుమ. లేకుంటే ఆ కనుమ."

నీడకూ తొట్టికీ మధ్య పది అడుగులుంది.

సరిగ్గా అప్పుడే తొట్టి దగ్గర గోల లేచింది. రాతి పలకల మధ్య గచ్చు ఊడి, అరచెయ్యంత పగులు పడింది. ఓబులేసు పోసిన నీళ్లు పోసినట్టే ఆ సందులోంచి బురదలోకి పోతున్నాయి. నీళ్ల వాసన పట్టిన ఎద్దులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ముందున్న ముసలి ఎద్దు ఉత్త రాతిని నాకుతోంది.

అందరూ నిలబడి చూస్తున్నారు. అదీ విచిత్రం. చేతులు లేనివాళ్లు కాదు, జాలి లేనివాళ్లూ కాదు. ఓబులేసు మోట ఆపి, తొమ్మిదో షరతు ప్రకారం బావి నుంచి తొట్టిలో పడేదాకానే నీళ్లు మావి, పోశాను అన్నాడు. తండా మనిషి, అదే తొమ్మిదో షరతు ప్రకారం తొట్టి నుంచి ఎద్దు నోటిదాకానే మాది, తొట్టిలో నీళ్లుంటే తాపుతాం అన్నాడు. ఇద్దరూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. చెప్పి, ఇద్దరూ వల్లభయ్య వైపు చూశారు.

వల్లభయ్యకు అప్పుడు తట్టింది. నీళ్లు రాశాడు, నోరు రాశాడు, మధ్యలో రాయిని మరిచిపోయాడు. పరుగున పోయి కలం తెచ్చాడు. చుట్టను మోకాలి మీద పరిచి అరవై నాలుగో షరతు మొదలుపెట్టాడు. తొట్టి పగిలినచో. తొందరలో సిరా చుక్క పడింది. పగులు ఊరివైపు పలకకు పడినచో అని రాయాలా, తండావైపు పలకకు అని రాయాలా? ఇది రెండింటి మధ్య పడింది. కొట్టేసి మళ్లీ రాశాడు. మళ్లీ కొట్టేశాడు. నీడ ఏడడుగుల దగ్గరికి వచ్చింది.

దస్తగిరి తాత చావిడిలోంచి మెల్లగా వచ్చాడు. తొట్టి పక్కన బురదలో చతికిలపడి, పగులుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"నీళ్లు పొయ్యి ఓబులేసూ" అన్నాడు.

ఓబులేసు మోట తోలాడు. నీళ్లు నిలిచాయి. ముసలి ఎద్దు మూతి ముంచింది.

వల్లభయ్య ఊపిరి పీల్చుకుని, రాసినంతవరకూ చదవడం మొదలుపెట్టాడు. తాత కాసేపు విన్నాడు. తర్వాత, "వల్లభా, మోకాళ్లు పట్టేశాయి. కాస్త ఇక్కడ చెయ్యి పెట్టు" అన్నాడు.

వల్లభయ్య కలం చెవికి పెట్టుకుని, కాగితం చంకలో ఇరికించుకుని, బురదలో కూర్చున్నాడు. తాత చెయ్యి తీసేలోపే తన చెయ్యి పెట్టాడు. తాత లేచి, లుంగీ దులుపుకుని వెళ్లిపోయాడు. ఎప్పుడొస్తాడో చెప్పలేదు.

అలా కూర్చోవడం ఎంత కష్టం! నీడ కదులుతోంది, కాగితం పూర్తి కాలేదు, రాయడానికి చెయ్యి లేదు. తీద్దామంటే ఎద్దులు బారులు తీరి ఉన్నాయి. ఎవరినైనా పిలుద్దామని చూశాడు. ఎవరిని పిలవాలి? ఏ షరతు కింద పిలవాలి? ఒక గిత్త వచ్చి చంకలోని కాగితాన్ని మూతితో తోసింది. చుట్ట జారి బురదలో పడి, మెల్లగా విచ్చుకుంది. అరవై మూడు షరతులూ నీలం రంగులో కరిగి ఏ గిట్ట కిందికో పోయాయి. వల్లభయ్య చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి మాత్రం తీయలేదు.

పగులు అంచు గరుకుగా ఉంది. నీళ్లు లాగినప్పుడల్లా అరచేతికి గుచ్చుకుంటోంది. చెయ్యిని కాస్త ఎడమకు జరుపుదామా అనుకున్నాడు.

అనుకుని, ఉలిక్కిపడ్డాడు. ఇంతకుముందు ఎక్కడో ఇలాగే జరుపుకున్నాడు.

తాత తిరిగొచ్చాడు. వెంట ఒక దోసిలి సున్నం, ఇంత బెల్లం, నానబెట్టిన నార. వాటిని రాతి మీద పెట్టి కలుపుతూ, తలెత్తకుండానే అడిగాడు.

"ఆ రేవులో నువ్వూ దాటేవాడివేనా, వల్లభా?"

"రోజూ. కచేరీ అవతలి గట్టున ఉండేది."

"తాడు పట్టుకునేనా?"

"పట్టుకునే."

తాత సున్నం మెదుపుతున్నాడు. ముసలి ఎద్దు తాగడం ఆపి, ఊపిరి వదిలి, మళ్లీ తాగింది.

"ఒకచోట పీచు లేచి ఉండేది" అన్నాడు వల్లభయ్య. "గుచ్చుకునేది. అక్కడికి రాగానే చెయ్యి జరుపుకునేవాణ్ణి."

కలిపిన గచ్చును ఓబులేసు వచ్చి అందుకున్నాడు. తండా మనిషి ఇంకో వైపు నుంచి నార కూరాడు. ఎవరూ పిలవలేదు. ఇద్దరూ కలిసి వల్లభయ్య వేళ్ల చుట్టూ మెత్తి, ఒక్కొక్క వేలూ తీయించారు.

నీడ తొట్టి అంచును తాకింది. నాయకుడు వచ్చి నిలబడ్డాడు.

"కాగితం ఏది సామీ?"

వల్లభయ్య తకియాలోకి పోయి చాప ఎత్తాడు. మొదటి రోజు రాసిన అరఠావు దాని కిందే ఉంది. తెచ్చి చదివాడు. నీళ్లు, నీడ, కాపలా. ఉప్పు, ఎరువు, పూడిక. పాడైనదాన్ని బాగుచేసుకోవడం ఇద్దరిదీ. చదువుతుంటే ఎక్కడా ఆగలేదు.

నాయకుడు తడి ఆరని తొట్టి వంక ఒకసారి చూశాడు. కలం అందుకుని, తన గుర్తుగా చిన్న కత్తి బొమ్మ గీశాడు. ఊరి తరఫున తాత నెలవంక గీశాడు. బరువులు దించండిరా అని నాయకుడు కేకేశాడు, చదును నేలంతా ఉప్పు సంచులతో నిండిపోయింది.

సందడి సద్దుమణిగేసరికి వల్లభయ్య బావి గట్టున కనిపించాడు. మోట తాడును గిలక మీంచి దించి ఒళ్లో వేసుకున్నాడు. మూరమూరకూ అరచేత్తో నిమురుతూ పోతున్నాడు. ఒకచోట చెయ్యి ఆగింది. అక్కడి పురిని విప్పి, కొత్త నార కలిపి పేనసాగాడు.

ఓబులేసు పరుగెత్తుకొచ్చాడు. అతనికి పాత కాగితం ఇంకా కంఠతా ఉంది. "అయ్యో, నువ్వెందుకయ్యా? పదకొండో షరతు. తాడు మార్చేది నేను కదా."

వల్లభయ్య పురి మీంచి కళ్లు తీయలేదు.

"నాకు గుచ్చుకుంది, ఓబులేసూ" అన్నాడు.