ఆగ్నేసమ్మ దిబ్బ మీద నీలం చొక్కా

చిన్నప్ప గురువుగారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరికేది తక్కువ, పని దొరికేది ఎక్కువ. ఉపవాసం వల్ల ఆత్మకు ఒరిగేదేమిటని అడిగిన ఒక శిష్యుణ్ణి ఆయన వారం పాటు వంటశాలలో వడ్డనకు పెట్టారని, ఫాదర్లను తయారుచేసే ఆ సెమినరీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తొలి శతాబ్దాల క్రైస్తవ బోధ మీద ఆయనంత చదివినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అయినా తరగతి గది దాటాక ఆయన నోట శాస్త్రం వినిపించేది కాదు. వాదానికి దిగినవాళ్ళను చూసి నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వుకు శిష్యులందరికీ భయమే.

ఆ శిష్యుల్లో క్లెమెంటు మెరికలాంటివాడు. గురుపట్టం పుచ్చుకుని ఫాదరయ్యి మూడేళ్ళయినా పుస్తకం వదల్లేదు. పునీతుల పేర్లు పెట్టుకున్న తీరపు ఊళ్ళ మీద పరిశోధన చేశాడు. ఏ ఊరికి ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఆ పేరు పెట్టారు, ఆ పునీతుల గురించి తొలి సంఘం ఏం బోధించింది, ఊళ్ళో ఏం చెప్పుకుంటున్నారు అని మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. పెద్దలు మెచ్చుకుని, పాస్కా పండగ, అంటే ఈస్టర్, కాగానే పై చదువుకు రోము పంపుతామన్నారు. అలాంటి మనిషి, పాస్కాకు ముందొచ్చే నలభై రోజుల తపస్సుకాలంలో ఒక సాయంత్రం మొహం వేలాడేసుకుని గురువుగారి గదికి వచ్చాడు.

"గురువుగారూ, ఒక ఊరు లేనిదాన్ని ఉందని నమ్ముకుని బతుకుతుంటే, తెలిసినవాడు ఆ మాట చెప్పాలా, నోరు మూసుకోవాలా?"

గురువుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "చెప్పేశావుగా," అన్నారు.

"చెప్పేశాను కాబట్టే అడుగుతున్నాను. ఆగ్నేసమ్మపేటలో ఊరి పండగనాడు గుళ్ళోనే చెప్పాను. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. ఇప్పుడు ఆ ఊరు వెళితే మంచినీళ్ళిచ్చే మనిషి లేడు, కనపడ్డవాళ్ళు మొహం తిప్పుకుంటున్నారు. నా వ్యాసంలో ఎక్కడన్నా తప్పుందా?"

"మూడుసార్లు చదివాను. తప్పు లేదు."

"మరి?"

"రేపు పొద్దున్నే పార పట్టుకుని రా," అని గురువుగారు దీపం వైపు తిరిగి చదువుకోసాగారు.

ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఆగ్నేసమ్మపేట సముద్రపు ఒడ్డున సరుగుడు తోటల వెనక ఉన్న పల్లె. అందరూ వేటకు పోయేవాళ్ళే. ఊరికి ఉత్తరాన ఒక ఎత్తయిన ఇసుక దిబ్బ, దాని మీద ఒక చెక్క సిలువ ఉన్నాయి. రోములో విశ్వాసం కోసం ప్రాణమిచ్చి వేదసాక్షి అయిన చిన్నపిల్ల ఆగ్నేసమ్మను అక్కడివాళ్ళు చెక్కపెట్టెలో పెట్టి సముద్రంలో వదిలారనీ, ఆ పెట్టె కొట్టుకుని కొట్టుకుని ఈ ఒడ్డుకు చేరిందనీ, ఆ దిబ్బ కిందే ఆమె ఉందనీ ఊళ్ళో నమ్మకం. క్లెమెంటు దాన్ని తవ్వి చూశాడు. పడవలన్నీ వేటలో ఉన్నప్పుడు పొరుగూరి కూలీలను పెట్టి నాలుగు చోట్ల లోతుగా తవ్వించాడు. అది పాతకాలంలో ఉప్పు పోగేసిన చోటని తేలింది. అడుగున బొగ్గు, కుండపెంకులు తప్ప ఏమీ లేవు. ఊరికి ఆ పేరు పెట్టింది ఒక విదేశీ గురువు. అది ఆయన చెల్లెలి పేరు. ఇవన్నీ తిరుగులేని ఆధారాలే. పండగనాడు క్లెమెంటు పీఠం ముందు నిలబడి, సత్యమే మనల్ని స్వతంత్రుల్ని చేస్తుందని మొదలుపెట్టి, దిబ్బ కింద ఎవరూ లేరని ముగించాడు. ముసలివాళ్ళు తలలూపారు. తర్వాత అందరూ ప్రసాదంలా పంచిన పులిహోర తిని ఇళ్ళకు పోయారు.

అయితే ఇది పునీతురాలి కథ కాదు, ఒక నీలం చొక్కా కథ. దాన్ని ఎక్కడ ఉంచాలన్నదే ఇందులోని చిక్కంతా. అంత చదివిన క్లెమెంటుకు ఆ చొక్కా ఒకటుందన్న సంగతే తెలియదు.

మర్నాడు ఇద్దరూ బస్సు దిగి ఇసుకలో నడుస్తుంటే ఆకాశం బూడిదరంగులో కిందికి దిగివచ్చినట్టుంది. సరుగుడు చెట్లు ఒకటే ఊళ. పార భుజాన వేసుకున్న యువగురువును చూసి వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. గురువుగారికి మాత్రం లేచి దణ్ణం పెట్టారు. ఆ తేడా క్లెమెంటుకు చురుక్కుమంది.

దిబ్బ ఎక్కగానే అతను ఆగిపోయాడు. దిబ్బ నిండా గుంతలే. తాను తవ్వించినవి నాలుగే. వాటిని పూడ్పించే వెళ్ళాడు. ఇవి చిన్నవి, చేతులతో తవ్వినవి, సిలువ చుట్టూ లెక్కలేనన్ని. కొన్నింట్లో ఇసుక జారి సగం పూడిపోయింది. పళ్ళన్నీ పీకేసిన నోరులా ఉంది ఆ చోటు.

"ఎవరు తవ్వారివి? నిధుల కోసమా?" అన్నాడు క్లెమెంటు.

గురువుగారు సిలువ అవతల ఒక గుంత పక్కన కూర్చున్న ముసలామెను చూపించారు. ఆమె పేరు ఫిలోమినమ్మ. అంతకు ముందు వారమే సెమినరీకి వెళ్ళి క్లెమెంటు కోసం అడిగింది. అతను గ్రంథాలయంలో ఉన్నానని, తర్వాత రమ్మని కబురు పంపాడు. ఆమె గేటు దగ్గర గురువుగారికి కనిపించి, తన గోడు ఆయనకు చెప్పుకుని వెళ్ళిపోయింది. ఇవాళ పొద్దున దిబ్బ దగ్గరుండమని కబురు పెట్టింది ఆయనే. ఆమె ఒళ్ళో వల ముక్కలో చుట్టిన మూట ఉంది.

"ఫాదరుగారికి చెప్పమ్మా, నాకు చెప్పిందే," అన్నారు గురువుగారు.

ఆమె క్లెమెంటు మొహంలోకి చూడకుండా మూట విప్పింది. లోపల మగవాళ్ళు తొడుక్కునే నీలం చొక్కా, మడత నలగకుండా ఉంది. ఇసుక తడికి అంచులు నల్లబడ్డాయి.

"మా జోజిదయ్యా. ఒక్కడే కొడుకు. పోయిన గాలివానకి ముందు వేటకెళ్ళి మళ్ళీ రాలా. మనిషి దొరక్కపోతే సమాధి యాడ కడతాం? మాకు మొదట్నించీ ఒక పద్ధతుంది. వాళ్ళ గుడ్డ ఉతికి, మడతపెట్టి, వాళ్ళ వల ముక్కలోనే చుట్టి, తెల్లారకముందే ఇక్కడ పెట్టి అప్పగిస్తాం. అమ్మా ఆగ్నేసమ్మా, నువ్వూ నీళ్ళ మీద కొట్టుకొచ్చిన పిల్లవే, మావోణ్ణి వెతుక్కుని నీ దగ్గర పెట్టుకో అని చెప్తాం. అట్టా అప్పగించిందాకా ఇంటి తలుపు గడియ పెట్టం. వాడి కంచం తియ్యం. అప్పగించాకే నేను గడియ పెట్టుకుని పడుకున్నా."

"నేనెన్నిసార్లు వచ్చానమ్మా ఈ ఊరు! ఒక్కరూ ఈ మాట చెప్పలేదే," అన్నాడు క్లెమెంటు.

"మీరు ఆమె ఎప్పుడొచ్చింది, ఎవరు చెప్పారు అని అడిగారు. చెప్పాం. మేమేం చేస్తామో మీరడగలా. ఇంతకుముందొక ఫాదరుగారు శవం లేకుండా సమాధేంటి, అజ్ఞానం అని తిట్టారు. అప్పణ్ణించి గుట్టుగానే చేసుకుంటన్నాం."

క్లెమెంటుకు అప్పుడు గుర్తొచ్చింది. తవ్వించిన ప్రతిచోటా పైపొరలో చివికిన గుడ్డపేలికలు, వల ముక్కలు వచ్చాయి. కూలీలు ఏం చెయ్యాలని అడిగితే, పక్కన పడెయ్యమన్నాడు. వ్యాసంలో వాటి గురించి ఒక్క వాక్యం రాశాడు: తీరం నుంచి గాలికి కొట్టుకొచ్చిన ఇటీవలి చెత్త. ఆ వాక్యం రాసినప్పుడు చాలా జాగ్రత్తగా గమనించానని తనను తాను మెచ్చుకున్నాడు కూడా. అవి ఎవరి చొక్కాలో, ఎవరి లుంగీలో, ఇప్పుడు ఎక్కడ ఉన్నాయో అతనికి తెలియదు. అతను ఇసుకలో కూలబడ్డాడు.

"మరి ఇది ఎందుకు తీశావమ్మా?" అని మెల్లగా అడిగాడు.

ఆమె మొదటిసారి తలెత్తింది. కోపం లేదు ఆ మొహంలో. అర్థం కాని పాఠం మళ్ళీ అడుగుతున్న బిడ్డలా చూసింది.

"ఇక్కడ ఎవరూ లేరని మీరేగా చెప్పింది? చదూకున్నోళ్ళు, అబద్ధం చెప్పరుగా. ఎవరూ లేని చోట వాణ్ణొక్కణ్ణే ఎట్టా వదిలేసేదయ్యా? అందుకే తీసుకెళ్ళా. నేనే కాదు, అందరం తీసుకెళ్ళాం. ఇంట్లో పెట్టుకుంటే మళ్ళీ తలుపు వెయ్యలేకపోతన్నా. మళ్ళీ కంచం పెడతన్నా. ఇంక ఇది యాడ పెట్టాలో చెప్తారేమోనని మీ కోసం వచ్చా."

"దేవుడు అంతటా ఉన్నాడమ్మా. జోజి ఆయన దగ్గరే ఉన్నాడు," అన్నాడు క్లెమెంటు. ఆ మాటలు తన చెవికే అరువు తెచ్చినట్టు వినిపించాయి.

"నిజమేనయ్యా. కానీ దేవుడికి లోకమంతా ఉంది. ఆ పిల్లకి మావోళ్ళు తప్ప ఎవరున్నారు?"

గురువుగారు పార తీసి అతని చేతికిచ్చారు. "తవ్వు," అన్నారు. ఆమె చొక్కా తీసిన గుంత ఇసుక జారి పూడిపోయి ఉంది.

తొలి సంఘంలో గోతులు తవ్వేవాళ్ళకు కూడా దేవాలయ సేవకుల వరసలో చోటుండేదనీ, దిక్కులేని శవాలను వాళ్ళు సొంతవాళ్ళుగా పూడ్చేవారనీ క్లెమెంటు తన పరిశోధనలో ఎంతో గొప్పగా రాశాడు. తరగతిలో ఆ పాఠం చెప్పింది గురువుగారే. ఇప్పుడు నాలుగు పారలు ఎత్తేసరికి అతని అరచేతులు బొబ్బలెక్కాయి. తడి ఇసుక తీసినకొద్దీ అంచుల నుంచి మళ్ళీ జారుతోంది. చెమటా కన్నీళ్ళూ కలిసిపోయి కారుతుంటే తుడుచుకోకుండా తవ్వాడు. ఇది చేస్తే తన తప్పు తీరిపోతుందన్న ఆశ అతనిలో లేకపోలేదు. మోచేతి లోతు గుంత తయారయ్యాక పక్కకు జరిగాడు.

ఫిలోమినమ్మ మోకరించింది. చొక్కా మడత సరిచేసి వల ముక్కలో చుట్టింది. రెండు చేతులతో గుంతలో పెట్టి, చేతులు తియ్యకుండా, అలవాటుగా నోరు తెరిచింది. "అమ్మా ఆగ్నే..." అని ఆగిపోయింది.   ఆమె క్లెమెంటు వైపు తిరిగింది.

"ఎవరికని అప్పగించేదయ్యా?"

అతను పారకు అంటిన తడి ఇసుక వంక చూశాడు.

"ఆమె లేదన్నారు. పోనీ, మీరుంటారా ఇక్కడ?"

ఎకసెక్కం కాదు, నిష్ఠూరం కాదు. ఆమె నిజంగానే అడిగింది. అతను ఉంటానంటే చొక్కా మీద ఇసుక కప్పి ఇంటికి వెళ్ళి గడియ పెట్టుకునేది. క్లెమెంటు నోరు తెరిచాడు. పాస్కా కాగానే ఎక్కవలసిన విమానం, రోములో తన కోసం సిద్ధంగా ఉన్న గది, ఇంకా చూడని గ్రంథాలయాలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "నేను..." అన్నాడు. 

పడవ కోసం ఒడ్డున నిలబడి చూడటం అలవాటైన మనిషి కాబట్టి ఆమె తొందరపడకుండా ఎదురుచూసింది. తర్వాత వంగి మూట పైకి తీసుకుంది. అంటుకున్న ఇసుక దులిపి కొంగులో దాచుకుంది.

"వస్తానయ్యా. ఆకాశం చూస్తే వానొచ్చేటట్టుంది, తలుపు తీసే వచ్చా," అని చెప్పి, ఇద్దరికీ దణ్ణం పెట్టి దిబ్బ దిగిపోయింది. సరుగుడు చెట్ల మధ్య ఆమె తెల్లచీర కనపడకుండా పోయేదాకా క్లెమెంటు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు అతనికి ఆ ఖాళీ గుంతను చూడటం భరించలేనిదయింది. గబగబా పార అందుకుని ఇసుక లోపలికి తొయ్యబోయాడు. గురువుగారు ముందుకొచ్చి పార కర్ర పట్టుకున్నారు. ఆయన ముసలి చేతిలో అంత పట్టుందని అతనెన్నడూ అనుకోలేదు.

"గురువుగారూ, నేనేం చెప్పాలి? మీరన్నా చెప్పండి."

ఆయన ఊరి వైపు చూస్తూ అన్నారు: "పూడ్చకు నాయనా. ఆవిడ అడిగింది నిన్ను."