ఏదుపంది గొంతు నేర్చిన ఏడు గోరింకలు

నల్లగుగ్గిలం అడవిలో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ముంగిసలు, నెమళ్ళు కాపురాలు చేసుకునేవి. రేచుకుక్కలూ ఉండేవి, వాటి పేరు చెబితేనే అందరికీ హడలు. ఏటా తొలకరి పడగానే ఆ అడవికి చలిజ్వరం వచ్చేది. పెద్దవాళ్ళు మూడు రోజులు మూలిగి లేచేవారు. పసివాళ్ళు మాత్రం మందు పడకపోతే లేచేవారు కాదు.

ఆ మందు సన్యాసమ్మ దగ్గర దొరికేది.

సన్యాసమ్మ ముసలి ఏదుపంది. కాయో, పండో, దుంపో తెచ్చి ఇస్తే మందు ఇచ్చేది. ఆమె పని అంటే పనే. నేలవేము పూతకు రాకముందే వేరుతో సహా పీకాలి. మూడు నీళ్ళలో కడగాలి. నీడనే ఆరాలి. పొరపాటున ఎండ తగిలిందా, ఎంత కష్టపడి తెచ్చిన మొక్కైనా సరే, వాగులో పారేసేది. మందు నలగ్గొట్టి మోదుగాకులో పొట్లాలు కట్టేది. ఆ పొట్లాలు వీపు మీది ముళ్ళకు గుచ్చుకుని, తెల్లవారగానే ఇల్లిల్లూ తిరగడానికి బయలుదేరేది.

గుమ్మంలో నిలబడి కేకేసేది.

“ఏమే, నీ రెండోవాడి దగ్గు తగ్గిందా?”

“తగ్గింది పెద్దమ్మా.”

“అబద్ధాలాడకు. వాగు దాటుతుంటేనే వినపడింది నాకు. బయటికి పంపు వాణ్ణి.”

తిట్టినట్టే ఉండేది. కానీ ఆ తిట్టు కోసమే తల్లులు గుమ్మాల్లో కాచుకుని ఉండేవారు. ఉప్పునేల దగ్గర పైడమ్మ అని ఒక దుప్పి ఉండేది. ఆమెకు తొలిచూలు. పురిటికి సన్యాసమ్మే దగ్గరుంది. పిల్ల ఒంటి మీద చుక్కలు చూసి చుక్కాలు అని పేరు పెట్టింది కూడా ఆమే.

సన్యాసమ్మకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే. ఏ ఇంట్లో ఒళ్ళు వెచ్చబడినా ముందు తన పేరే తలవాలి. ఇంకెవరి పేరూ తలవకూడదు.

ఇంకెవరి పేరూ అంటే అప్పలకొండ పేరు. అప్పలకొండ ఒంటినిండా పెంకులున్న ఒక అలుగు. నెమ్మదైనవాడు. ఆరేళ్ళ కిందట, సన్యాసమ్మ నేలవేము పీకే గట్టు మీద అతను నాలుగు మొక్కలు పీకాడు. అడిగితే ఆమే ఇచ్చేది. అడగలేదు. అంతే, ఆనాటినుంచి ఆమె అతని ముఖం చూడలేదు. తరువాత అతనూ మందులివ్వడం మొదలుపెట్టాడు.

ఆరేళ్ళు గడిచేసరికి సన్యాసమ్మకు కీళ్ళు పట్టేశాయి. పూటకి పది గుమ్మాలు తిరిగే ఆమె నాలుగు తిరిగేసరికి కూలబడేది. తాను వెళ్ళలేని గుమ్మాలకు అప్పలకొండ వెళుతున్నాడని తెలిసిన రోజున ఆమెకు ముద్ద దిగలేదు.

“వీడు నా గుమ్మాలు తొక్కుతాడా?” అని గట్టిగా అరిచింది.

“వీడు నా గుమ్మాలు తొక్కుతాడా?” అని పైన కొమ్మ మీదనుంచి ఎవరో అరిచారు.

అచ్చం ఆమె గొంతే. తలెత్తి చూస్తే కొండగోరింక. దాని పక్కన మరో ఆరు.

సన్యాసమ్మ చాలాసేపు వాటికేసి చూస్తూ కూర్చుంది. మర్నాడు జువ్విపళ్ళు కుప్ప పోసి వాటిని పిలిచింది. ఒక మాట చెప్పడం, సరిగ్గా పలికితేనే పండు పెట్టడం. “కులాసానా” అనడంలో సాగదీత చాలలేదని పెద్ద గోరింకకు మూడు రోజులు పండు పెట్టలేదు. నలభై రోజులకు ఏడు గోరింకలూ ఆమె గొంతులో ఒక్కలాగే పలికాయి.

“ఏం తల్లీ, బాగున్నావా? పిల్లలు కులాసానా? ఒంట్లో నలతగా ఉంటే చెప్పు. మందంటే సన్యాసమ్మ మందే!”

“చెట్టెక్కి అరవకండి,” అని నేర్పింది సన్యాసమ్మ. “గుమ్మం పక్కన పొదలో దూరి పలకండి. నేనే వచ్చాననుకోవాలి.”

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఏడు గోరింకలు ఏడు దిక్కులకూ వెళ్ళేవి. ఒక్క గుమ్మం విడిచేవి కావు. తాను జన్మలో కాలు పెట్టని కొండవాలు మీద కూడా తన గొంతు వినిపిస్తుంటే సన్యాసమ్మకు ఒళ్ళు పులకరించింది. మొదట్లో బాగానే ఉంది. తల్లులు కాయలూ పళ్ళూ పట్టుకుని ఆమె బొరియకే వచ్చారు. తిరిగే పని తప్పింది. కీళ్ళకు సుఖం చిక్కింది.

కొన్నాళ్ళకు పొదలో ఉన్నవి పిట్టలని అందరికీ తెలిసిపోయింది. అయినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పిట్టలు ఆమెవే కదా, ఆమె పంపితేనే కదా వచ్చాయి అనుకున్నారు.

ఒక రోజు ముసలి అడవిపంది కుంటుకుంటూ వచ్చింది.

“సన్యాసమ్మా, మూడు పూటలా నన్ను తల్లీ అని పిలిపిస్తున్నావు. నా మీసాలు చూశావా?”

“పిట్టలకేం తెలుసు మామా, సర్దుకో.”

“పిల్లలు కులాసానా అని అడుగుతాయి. నాకు పిల్లలెక్కడ? ఉన్న ఒక్కణ్ణీ రేచుకుక్కలు ఎత్తుకుపోయాయి. రోజుకి మూడుసార్లు గుర్తుచేస్తున్నాయి నీ పిట్టలు. ఇదివరకు నువ్వొస్తే నా మోకాలు ఎలా ఉందని అడిగేదానివి.”

“మోకాలికి మందు కావాలా? ఉండు, ఇస్తాను.”

“మందు కాదమ్మా. అడుగుతావని వచ్చాను,” అని అడవిపంది వెనక్కి తిరిగింది.

‘ముసలాడికి చాదస్తం,’ అనుకుంది సన్యాసమ్మ.

తరువాత అప్పలకొండ వచ్చాడు. గుమ్మం తొక్కకుండా దూరంగా నిలబడ్డాడు.

“అక్కా, ఒక్క మాట. నీ పిట్టలు చెప్పమని అడుగుతున్నాయి. వాళ్ళేమో చెబుతున్నారు. ఆ చెప్పింది ఎవరు వింటున్నారు?”

“కావలసినవాళ్ళు నా గుమ్మానికే వస్తారు.”

“రాలేనివాళ్ళ సంగతో? నోళ్ళు ఏడు పెట్టావు. చెవి ఒక్కటైనా పెట్టలేదు.”

“రాలేనివాళ్ళ ఇళ్ళలో నువ్వు దూరదామనా? నా గట్టు మీద నాలుగు మొక్కలు పీకినవాడివి, నువ్వా నాకు చెప్పేది?”

“ఆరేళ్ళయింది అక్కా.”

“నాకు నిన్నటిలా ఉంది. పద, పద.”

అతను వెళ్ళిపోయాడు. ఆమె తలుపు రాయి దొర్లించుకుంది.

తొలకరి పడింది. మూడు రోజులు ఎడతెగని ముసురు. సన్యాసమ్మ బొరియలో వెచ్చగా కూర్చుని పొట్లాలు కట్టింది. నలభై పొట్లాలు. ఆ యేడు నేలవేము బ్రహ్మాండంగా కుదిరింది. నాలిక మీద పెట్టుకుంటే చెవుల దాకా చేదు ఎక్కింది. దూరంగా వానలో తన గొంతు తనకే వినిపించింది. పిల్లలు కులాసానా, పిల్లలు కులాసానా అని. ఇంత వానలోనూ పని ఆగలేదు కదా అని మురిసిపోయింది.

నాలుగో రోజు పొద్దున వాన తెరిపి ఇచ్చింది. పైడమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది.

“రావే పైడమ్మా. పిల్లనెక్కడ వదిలేశావు? రేచుకుక్కలు తిరుగుతుంటే బుద్ధుండాలా?”

“ఇప్పుడు వదిలినా ఫర్వాలేదు పెద్దమ్మా.”

సన్యాసమ్మ కడుతున్న పొట్లం అలాగే ఆగిపోయింది.

“ముసురు పట్టిన పొద్దున పిల్లకి ఒళ్ళు కాలిపోయింది,” అంది పైడమ్మ. “లేచి నిలబడలేకపోయింది. వదిలి వద్దామంటే రేచుకుక్కలు పక్క పొదలోనే ఉన్నాయి. అప్పుడు నీ పిట్ట వచ్చింది. నలతగా ఉంటే చెప్పు అంది. చెప్పాను. పిల్లకి జ్వరం, కదల్లేను, ఒక్కసారి రా పెద్దమ్మా అని చెప్పాను.”

“పైడమ్మా...”

“మందంటే సన్యాసమ్మ మందే అని ఎగిరిపోయింది. తెస్తావనుకున్నాను. మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెప్పాను. పక్క బొరియ కుందేలు తొంగిచూసి, అప్పలకొండను పిలుచుకు రానా అంది. నేనే వద్దన్నాను.”

“ఎందుకు వద్దన్నావే?”

“పెద్దమ్మ అడిగింది, వస్తుంది, ఈలోగా అతన్ని పిలిస్తే ఆవిడకి కోపం వస్తుంది అన్నాను.”

సన్యాసమ్మ ముళ్ళు ఒక్కొక్కటే వాలిపోయాయి.

“మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు అడిగావు పెద్దమ్మా. తొమ్మిదిసార్లూ చెప్పాను. ఆఖరుసారి చెబుతుంటే చుక్కాలు కళ్ళు తెరిచి విన్నది. మందు వస్తోందే, పెద్దమ్మకి చెప్పాను కదా అన్నాను. అది విని కళ్ళు మూసుకుంది.”

అప్పుడే పిట్టలు పలికే పొద్దుటి వేళ అయింది. గుమ్మం పక్క పొదలో ఆకులు కదిలాయి. “ఏం తల్లీ, బాగున్నావా?” అని పలికింది గోరింక, సన్యాసమ్మ గొంతులో. “పిల్లలు కులాసానా?”

పైడమ్మ పొద వైపు చూడలేదు. సన్యాసమ్మ వైపే చూసింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ రోజే సన్యాసమ్మ గోరింకలను పిలిచి నోరు మూసుకోమంది. అవి నోరు మూసుకోవడం నేర్చుకోలేదు, పలకడమే నేర్చుకున్నాయి. పళ్ళు పెట్టడం మానేసింది. అడవి నిండా జువ్విపళ్ళే, వాటికేం తక్కువ? రాళ్ళు విసిరింది. ఎగిరి మరో గుమ్మానికి పోయాయి. పైడమ్మ గుమ్మానికి కూడా మూడు పూటలా వెళ్ళాయి. అయిదో రోజున పైడమ్మ ఉప్పునేల విడిచి, కొండ అవతలికి వెళ్ళిపోయింది. అక్కడ మేత లేదు. అయినా వెళ్ళింది.

సన్యాసమ్మ కీళ్ళ నొప్పి ఓర్చుకుని పిట్టల వెనకాలే తిరిగింది. “అది నేను కాదు, పిట్ట. నేనే సన్యాసమ్మని,” అని గుమ్మం గుమ్మానికీ చెప్పుకుంది. నాలుగు రోజులు చెప్పేసరికి గోరింకలు ఆ మాట కూడా పట్టేశాయి. పొదల్లో కూర్చుని, “అది నేను కాదు, పిట్ట. నేనే సన్యాసమ్మని,” అని పలికాయి. విని విని అడవి విసిగిపోయింది. ఆ గొంతు వినిపిస్తే చాలు, బొరియలు మూసుకోవడం మొదలుపెట్టారు.

అప్పలకొండ కూడా రెండు గోరింకలను చేరదీశాడు. ఎందుకంటే అడవి పెద్దది, అతని కాళ్ళు చిన్నవి. కానీ తన గొంతు నేర్పలేదు. పిట్ట గొంతుతోనే పలకమన్నాడు. “అప్పలకొండ పిట్టను. నాకు చెప్పినా తెలియదు. జ్వరం మందు సిద్ధమైంది. పొద్దున అప్పలకొండ ఇప్పచెట్టు కింద ఉంటాడు. రాలేనివాళ్ళు గుమ్మంలో మోదుగ కొమ్మ గుచ్చండి. తానే వస్తాడు.” ఇంతే మాట. వారానికి ఒకసారి. చావు జరిగిన గుమ్మం వైపు పోనిచ్చేవాడు కాదు. సాయంత్రం తాను బయలుదేరి, మోదుగ కొమ్మ కనిపించిన ప్రతి ఇంట్లోనూ కూర్చుని, చెప్పిందంతా విని మందు పోసేవాడు. ఆ యేడు అతని మందు తాగిన పిల్ల ఒక్కటీ పోలేదు. కొండవాలు ఇళ్ళన్నీ అతనివే అయ్యాయి.

వానాకాలం మధ్యలో జ్వరం రెండోసారి తిరగబెట్టింది. సన్యాసమ్మ ఉండబట్టలేక నలభై పొట్లాలూ వీపున గుచ్చుకుని బయలుదేరింది. కుందేలు బొరియ దగ్గరికి వచ్చేసరికి వాన అందుకుంది. గుమ్మంలో మోదుగ కొమ్మ గుచ్చి ఉంది. లోపల పసివాడి దగ్గు వినిపించింది. దగ్గు విని జ్వరం ఏ రోజుదో చెప్పగలదు సన్యాసమ్మ. అది మూడో రోజు దగ్గు.

“ఏమే, నీ చిన్నవాడికి ముదిరింది జ్వరం. బయటికి పంపు. మందు తెచ్చాను.”

“అమ్మా, పెద్దమ్మ వచ్చింది,” అంది లోపల ఒక పిల్ల.

“పెద్దమ్మా కాదు, గిద్దమ్మా కాదు. పిట్ట. పలక్కండి.”

“పిట్ట కాదే. నేనే సన్యాసమ్మని. ఒక్కసారి తొంగి చూడు.”

“చూశారా, అదే మాట,” అంది కుందేలు. లోపలినుంచి గడ్డి దోపి గుమ్మం మూసేసింది.

సన్యాసమ్మ వానలో నిలబడింది. గోళ్ళతో గడ్డి లాగబోయింది. లోపల పిల్లలు బెదిరి ఏడ్చారు. కాలు వెనక్కి తీసుకుంది.

దారమ్మట అప్పలకొండ వచ్చాడు. మోదుగ కొమ్మ చూసి ఆగాడు. ఆమెను చూసి తల వంచాడు.

“నీ దగ్గర మందుందా?” అని అడిగింది సన్యాసమ్మ. ఆరేళ్ళ తరువాత అతన్ని అడిగిన మొదటి మాట అది.

“అయిపోవచ్చింది అక్కా. ఉన్నది పాతది. ఈ జ్వరానికి చాలుతుందో లేదో.”

సన్యాసమ్మ వీపు అతని వైపు తిప్పింది. “తీసుకో. అన్నీ తీసుకో. తేనెతో ఇవ్వకు, చేదు చావకూడదు. ముందు సగం పొట్లం, పొద్దు వాలాక మిగతా సగం.”

అప్పలకొండ ముళ్ళ మీదనుంచి పొట్లాలు ఒక్కొక్కటే తీసుకున్నాడు. “ఎవరి మందని చెప్పను అక్కా?”

సన్యాసమ్మ మూసిన గుమ్మం వైపు చూసింది.

“నా పేరెత్తకు,” అంది. “ఎత్తితే తాగించరు.”

నీతి: అందరికీ ఒకే కబురు చేర్చడానికి పిట్టను పెట్టుకోవచ్చు. కానీ ‘ఎలా ఉన్నావు, చెప్పు’ అని అడిగే చోట జవాబు వినడానికి మనమే ఉండాలి. వినని నోటితో అడిగించినవాడు నిజంగా పిలిచిన రోజున కూడా ఎవరూ పలకరు.