పెళ్లిచూపులు బహువచనమే

ఒకానొక రాజ్యంలో మూడేళ్లుగా పెళ్లిబాజా మోగలేదు. దాని పేరు మణిగిరి. ముహూర్తాలు వచ్చేవి, పోయేవి. పీటలెక్కే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. "మా పెళ్లి అయ్యేదాకా మా రాజ్యంలో ఎవరి పెళ్లీ జరగరాదు" అని విజయకేతు మహారాజు చాటింపు వేయించాడు మరి. రాజుకన్నా ముందు ప్రజలు పెళ్లి చేసుకుంటే మర్యాదేముందని ఆయన వాదన.

పోనీ ఆయన చేసుకున్నాడా? ఇరవై నాలుగు పెళ్లిచూపులకు వెళ్లొచ్చాడు. ఒక రాకుమారి పాడితే శ్రుతి తప్పిందన్నాడు. ఇంకొకామె చక్కగా పాడితే, జీవితాంతం పాడుతూనే ఉంటుందేమోనని భయపడ్డాడు. ఒకామె తల దించుకుంటే మొహం కనబడలేదన్నాడు, మరొకామె తలెత్తితే పొగరన్నాడు. ఒకచోట పిల్లవంక చూడనేలేదు. పెట్టిన అరిసెలన్నీ తినేసి, నూనె ఎక్కువైందని లేచొచ్చాడు. అసలు ఈయనకేం కావాలో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆయనకీ తెలిసినట్టు లేదు. లేచేముందు మాత్రం ప్రతిచోటా ఒకటే మాట: "ఇంటికి వెళ్లి కబురు చేస్తాం." ఆ కబురు ఒక్క ఇంటికీ చేరలేదు.

ఆ కొలువులో వల్లభయ్య అనే చమత్కారి ఉన్నాడు. రాజోద్యానం చూసే అధికారి కూతురు తాయారుతో అతనికి పెళ్లి కుదిరి మూడేళ్లయింది. ఒకనాడు తాయారు అతన్ని నిలదీసింది.

"ఈ మాఘమాసం దాటితే మా నాన్న నన్ను పొరుగు రాజ్యం సంబంధానికి ఇచ్చేస్తాడట. ఊరందర్నీ నవ్విస్తావు, మన సంగతేం చేశావు?"

వల్లభయ్యకు ఆ పూట అన్నం సహించలేదు. తాయారు వేరే ఇంటికి వెళ్లిపోతుందని తలుచుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది.

మర్నాడు కొలువులో రాజు మీసం దువ్వుతూ ప్రకటించాడు. "నీలకోన రాకుమారి హిరణ్మయిని చూడటానికి ఎల్లుండి బయల్దేరుతున్నాం. ఇవి మా ఇరవై అయిదో పెళ్లిచూపులు!"

వల్లభయ్య లేచి చేతులు జోడించాడు. "కాదు ప్రభూ, ఇవే మొదటివి. తమరు ఇంతవరకూ పెళ్లిచూపులకు వెళ్లనే లేదు."

రాజు కళ్లెర్రజేశాడు. "నిరూపించు. లేదా సాయంత్రానికి పొలిమేర దాటు!"

"ఆ మాటలోనే ఉంది ప్రభూ. ఒకరు చూస్తే చూపు. ఇద్దరూ చూసుకుంటే చూపులు. తమరు ఇన్నాళ్లూ వెళ్లింది పెళ్లిచూపుకి."

ఆస్థాన పండితుడు శబ్దశాస్త్రి గంతేసినట్టు లేచాడు. "అజ్ఞానం! ప్రభువులకు కళ్లు రెండు. అందుకే చూపులు అన్నారు."

"రెండు కళ్లకు రెండు చూపులుంటే దాన్ని మెల్లకన్ను అంటారు శాస్త్రిగారూ!"

కొలువంతా గొల్లుమంది. శాస్త్రి కూలబడ్డాడు. రాజు మీసం మెలేశాడు.

"అయితే ఆమెనూ చూడమను! మాలో వంక పెట్టడానికి ఏముంది?"

వల్లభయ్య ఆ మాటే కబురుగా నీలకోనకు పంపించాడు.

తీరా వెళ్లి చూస్తే, అక్కడ హిరణ్మయి ఎత్తయిన ఆసనం మీద కూర్చుని ఉంది. రాజుకు ఎదురుగా పీట వేశారు. పక్కనే ఆమె మేనత్త, పండు ముసలి.

"ఏదీ, కాస్త అటూ ఇటూ నడువు నాయనా" అంది మేనత్త.

రాజు తెల్లబోయాడు. వల్లభయ్య చెవిలో చెప్పాడు. "కాలు కుంటేమో చూస్తున్నారు ప్రభూ. మనం అందరినీ నడిపించాం కదా."

రాజు నడిచాడు. తివాచీ అంచు తగిలి తూలాడు.

"పోనీలే. ఒక పాట పాడు."

ఆయనకు వచ్చింది ఒక్కటే, యుద్ధంలో సైనికులను ఉసిగొల్పే పాట. అదే పాడాడు. బయటున్న ఆయన భటులు కత్తులు దూసి లోపలికి దూసుకొచ్చారు.

వాళ్లను బయటికి పంపాక మేనత్త అంది, "ఇక ఆ కిరీటం తియ్యి నాయనా. సవరమో, సొంత జుట్టో చూడాలి."

రాజు కిరీటాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. చివరికి తీశాడు. నడినెత్తిన అరచేయంత బట్టతల. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"చిన్నప్పట్నుంచీ ఇదే బరువు. ఒరుసుకుని ఒరుసుకుని ఊడిపోయింది" అని గొణిగి నెత్తి తడుముకున్నాడు.

హిరణ్మయి నవ్వలేదు. ముందుకు వంగి పరీక్షగా చూసింది.

"ఆలోచించుకుని కబురు చేస్తాం" అంది.

ఇంటికొచ్చాక రాజుకు కాలు నిలవలేదు. గుర్రపు డెక్కల చప్పుడు వినబడితే కిటికీ దగ్గరికి పరుగు. "ఆమె అలా ఎందుకు చూసిందయ్యా? జాలా? వెటకారమా? నాలో ఏం కనబడింది?" అని రోజుకు పదిసార్లు అడిగేవాడు. ఇరవై నలుగురిని చూసిన మనిషికి, ఒక అమ్మాయి మనసులో ఏముందో తెలుసుకోవాలనిపించడం అదే మొదటిసారి.

పదోరోజు ఆయన ఉండబట్టలేక అన్నాడు, "వల్లభయ్యా, కబురు కోసం ఎదురుచూడటం ఇంత కష్టమా?"

"ఆ ఇరవై నలుగురినీ అడగాలి ప్రభూ. నన్నడిగినా చెబుతాను. నాది మూడేళ్ల ఎదురుచూపు. ఈ మాఘం దాటితే తాయారు నాకు దక్కదు." నవ్వుతూ మొదలుపెట్టాడు కానీ చివరికొచ్చేసరికి కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

రాజు తల దించుకున్నాడు. ఆ మధ్యాహ్నమే చాటింపు రద్దయింది. ఇరవై నాలుగు కోటలకు క్షమాపణ లేఖలు వెళ్లాయి.

మర్నాడు నీలకోన వార్తాహరుడు వచ్చాడు. లేఖ విప్పే ధైర్యం చాలక రాజు దాన్ని వల్లభయ్య చేతికిచ్చాడు. వల్లభయ్య పైకి చదివాడు.

"కిరీటం పెట్టుకుని వచ్చినాయన మాకు నచ్చలేదు. తీసినాయన నచ్చారు. ఆయన్ని మళ్లీ ఒకసారి పంపించండి."

రాజు చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాడు. "నీ పెళ్లి మా కోటలోనే చేయిస్తాం. ఏనుగు మీద ఊరేగిస్తాం!" అంటూ తన కిరీటం తీసి వల్లభయ్య నెత్తిన పెట్టాడు. "ఇదిగో, పీటల మీద ఇది పెట్టుకుని కూర్చో."

వల్లభయ్య దాన్ని భక్తిగా తీసి తిరిగి రాజు చేతుల్లో పెట్టాడు.

"నాకెందుకు ప్రభూ? నా జుట్టు నిండుగానే ఉంది."

విజయకేతు మహారాజు నెత్తి తడుముకుంటూ, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.