కొండ చీలికలో విత్తనాల మూట

మఠంలో చేరిన మొదటి వారంలోనే షోరిన్‌కు నిద్ర కరువైంది. చుట్టూ చదునైన వరిపొలాలు. వాటి మధ్య ఎవరో తెచ్చి పడేసినట్టు నాలుగైదు నల్లటి కొండలు. ఒకప్పుడు అవి నిప్పు కక్కాయని తెలిసిన దగ్గర్నుంచి, ధ్యానంలో కూర్చున్నా అతని చెవులు నేల మీదే ఉండేవి.

"ఇవి మళ్లీ ఎప్పుడు బద్దలవుతాయి గురువుగారూ?"

"నాకు చెప్పి చేస్తాయా?" అనేవాడు గెంకై గురువు.

ఒకరోజు మఠం వెనక రాతి చీలికలో చెయ్యి పెట్టి చూశాడు షోరిన్. వెచ్చగా తగిలింది. పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగున రాళ్లూ మట్టీ తెచ్చి చీలికను మెత్తేశాడు. మహానుభావుడు, కొండకు మూత పెట్టి ఆ పూటకు ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కింది పొలాల నుంచి ఒతోమె అనే ముసలమ్మ తడి మూట మోసుకుంటూ వచ్చింది. అందులో ఉన్నవి విత్తనపు వడ్లు. ఆ చలిదేశంలో మొలక రావాలంటే వాటికి రెండు రోజులు వెచ్చదనం తగలాలి. తాతల నాటి నుంచీ ఊరివాళ్లు మూటలు దాచేది ఆ చీలికలోనే.

మెత్తిన మట్టిని చూసి ఆమె కూలబడిపోయింది.

"ఎవరు నాయనా ఈ పని చేసింది? నాకున్నది ఈ ఒక్క మూటే. ఈ చలికి కుళ్లిపోతే ఏడాదంతా ఏం తినను?"

షోరిన్ సిగ్గుతో తల దించుకున్నాడు. ఆమె గొంతు విని గురువు బయటికొచ్చాడు. ఆ మూట తీసి శిష్యుడి చేతుల్లో పెట్టాడు. పార తెచ్చి పక్కన ఆనించి వెళ్లిపోయాడు.

మూట చల్లగా, బరువుగా ఉంది. షోరిన్ దాన్ని దించి పార అందుకున్నాడు. ఒక్కో రాయీ పెకలించి, ప్రతిసారీ ఓ అడుగు వెనక్కి దూకాడు. ఆఖరి రాయి ఊడగానే వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. కళ్లు గట్టిగా మూసుకుని మూటను లోపలికి తోశాడు.

"వేడి మించితే గింజ చచ్చిపోతుంది నాయనా. గంటకోసారి చెయ్యి పెట్టి చూసి మూట తిరగెయ్యాలి," అంది ఒతోమె.

రెండు రోజులు షోరిన్ అక్కణ్ణించి కదల్లేదు. గంటకోసారేమిటి, పావుగంటకోసారి చెయ్యి పెట్టాడు. మూడోరోజు మూట విప్పితే ప్రతి గింజకూ తెల్లటి మొలక. అది చూసి ఊరివాళ్లు మరో పదకొండు మూటలు మోసుకొచ్చారు.

"భయం పోయిందా?" అడిగాడు గురువు.

"లేదు గురువుగారూ."

"మంచిది, ఇవీ నువ్వే చూసుకో. నాకు భయం లేదు. కిందటేడు నేను కాపలా కాస్తే మూడు మూటలు మాడిపోయాయి."