తుమ్మెద తీగ

చౌడేశు చెవికి లొంగని చెక్క లేదు.

గిటారు పలకను రెండు వేళ్లతో చెవి పక్కన వేలాడదీసుకుని, ఇంకో చేతి వేలి కణుపుతో ఒక్కసారి తట్టేవాడు. కళ్లు మూసుకునే పని కూడా లేదు. "జిట్రేగి చెక్క. లోపల ఇంకా ఆరలేదు. ఎండాకాలం పోయేదాకా దీన్ని ముట్టుకోవద్దు" అనేవాడు. తొందరపడి ముట్టుకుంటే అది పగిలేది కూడా.

అయితే చెవితో పాటు నోరూ పెరిగింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

అతను పని నేర్చుకుంటున్నది మదనపల్లెలో, హార్సిలీ కొండకు పోయే రోడ్డు పక్కనున్న జెకర్యా మాస్టారి షెడ్డులో. మాస్టారు వయసు మీరిన మనిషి. గిటార్లు చేయడం తప్ప ఇంకో పని ఎరగడు. మాట చాలా తక్కువ. బెంగళూరు బ్యాండ్ల కుర్రాళ్లు, చర్చీల్లో వాయించేవాళ్లు, కాలేజీ పిల్లలు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే. గిటారుకు ఏ చెక్క మంచిది?

మాస్టారు నవ్వి, చిత్రిక పట్టుకుని తన పనిలో పడేవాడు. జవాబు చౌడేశు చెప్పేవాడు.

"వెనక పలక జిట్రేగిదైతే శబ్దం బావిలోకి దిగి పైకి వస్తుందన్నా. మహాగనిది పొడి గొంతు. ముందు పలకకు మాత్రం సీమ నుంచి వచ్చే స్ప్రూస్‌ చెక్కను మించింది లేదు. దేవదారు మెత్తగా బాగుంటుంది గానీ గట్టిగా మీటితే బెదిరిపోతుంది. టేకా? టేకుతో మంచాలు చేసుకోవాల."

జనం నోరు తెరుచుకుని వినేవాళ్లు. నేతగాళ్ల వీధిలో, మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాడికి ఇంత చెవి ఎట్లా వచ్చిందని ఆశ్చర్యపోయేవాళ్లు. కొన్నాళ్లకు మాస్టారి కోసం కాక అతని కోసమే రావడం మొదలైంది. తమ గిటార్లు తెచ్చి అతని ముందు పెట్టేవాళ్లు. అతను తట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. కొందరు వెలిగిపోయిన మొహాలతో వెళ్లేవాళ్లు. కొందరు గిటారును సంచిలో దాచుకుని, వచ్చినప్పటికంటే నెమ్మదిగా నడిచి వెళ్లేవాళ్లు. వాళ్ల వీపులు చౌడేశు కంటికి ఆనేవి కావు. నిజమే కదా చెప్పాను అనుకునేవాడు.

ఒక ఉదయం ఎలీశమ్మ వచ్చింది. తంబళ్లపల్లె దగ్గరి ఒక చిన్న పల్లెలో, చర్చిలో పాటలు పాడించే మనిషి, మాస్టారికి తెలిసినామె. పాత దుప్పటిలో చుట్టిన గిటారును ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది. గడపలో చెప్పులు విడిచి, దుప్పటి విప్పింది.

"అన్నా, ఇది బాగవుతుందా?" అని మాస్టారిని అడిగింది.

మాస్టారు జిగురు పూసిన పలకలను అదిమి పట్టుకుని ఉన్నాడు. చేతులు ఖాళీ లేవు. గిటారును చౌడేశు అందుకున్నాడు. వెనకా ముందూ తట్టాడు.

"ప్లైవుడ్డమ్మా ఇది. పక్కలు మామిడి చెక్క. అదీ పండ్ల పెట్టెలకు కొట్టే రకం. ముందు పలక కుంగిపోయింది. దీని మీద పెట్టే కష్టం దండగ. ఇంకోటి చూసుకో."

"మా ఇంటాయనది నాయనా. ఆయన పోయి ఏడాదవుతా ఉంది."

"ఆయనకు ఎవరో అంటగట్టినారమ్మా."

ఎలీశమ్మ దుప్పటి కొసలు దగ్గరికి లాగి, గిటారును మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. ముడి వేసి గడప వైపు తిరిగింది.

"ఎలీశమ్మా, పోవద్దు. ఆ బల్ల మీద కూర్చో" అన్నాడు మాస్టారు.

పలకలకు బిగింపులు వేసి, బయటి తొట్టిలో చేతులు కడుక్కుని వచ్చాడు. బెంగళూరు కుర్రాళ్లు కొందరు అప్పటికే షెడ్డులో కూర్చుని ఉన్నారు. మాస్టారు చౌడేశు వైపు తిరిగాడు.

"చౌడేశూ, తట్టి చూడకుండా, వాయిస్తే విని చెప్పగలవా, ఏ చెక్కో?"

"తట్టేదానికంటే అదే సులువు మాస్టారూ."

"అయితే లోపలికి పో. తలుపు వేసుకో. నేను వాయిస్తాను."

లోపలిది చెక్కలు ఆరబెట్టే గది. వరసలు వరసలుగా పేర్చిన పలకల మధ్య, చౌడేశు ఒక దుంగ మీద కూర్చున్నాడు. చీకటిగా ఉంది. జిట్రేగి వాసన, దేవదారు వాసన కలిసి వస్తున్నాయి. ఊపిరి నెమ్మదించింది. ఒళ్లంతా చెవి చేసుకున్నాడు.

బయట మొదటి తీగ మోగింది.

"వెనక జిట్రేగి, ముందు స్ప్రూస్" అని కేక వేశాడు.

కాసేపటికి ఇంకో గిటారు. "అది మహాగని. ముందు దేవదారు."

మరొకటి. ఈసారి రెండు స్వరాలు వినే దాకా ఆగాడు. "పనస! మనం పోయిన ఏడు చేసింది. ముందు పలక మాత్రం స్ప్రూసే."

బయట కుర్రాళ్ల ఈలలు వినిపించాయి. చౌడేశుకు ఒళ్లు గగుర్పొడిచింది. ఒక్కో చెక్క ఒక్కో మనిషిలా చీకట్లో ఎదుటికి వచ్చి నిలబడి, తన పేరు తానే చెప్పుకుంటున్నట్టుంది. ఇంత భాగ్యం ఎవరికి దొరుకుతుంది అనిపించింది.

చివరన ఒక డొల్ల గొంతు వినిపించింది. బిగువు లేని తీగలు. మధ్యమధ్య ఏదో జుమ్మంటోంది. మాస్టారు దాన్ని మిగతా వాటికంటే ఎక్కువసేపు వాయించాడు. చౌడేశు నవ్వుకున్నాడు.

"అది ఆయమ్మది మాస్టారూ. ప్లైవుడ్."

తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి కుర్రాళ్లు లేచి చప్పట్లు కొడుతున్నారు. మాస్టారు గిటారును పక్కన పెట్టి, అతని దగ్గరికి వచ్చాడు. అతని తల మీద చేయి వేశాడు.

"ఒక్కటి కూడా తప్పలేదు. నా జన్మలో ఇట్లాంటి చెవిని చూడలేదప్పా. నాకు లేదు. నాకు నేర్పిన ఆయనకూ లేదు."

ఆ మాటలో వెటకారం లేదు. చౌడేశు తల దించుకున్నాడు. కళ్లు చెమర్చాయి.

"ఇంతకీ నేను ఏం వాయించినాను?" అన్నాడు మాస్టారు.

"మొదట జిట్రేగి, తరవాత మహాగని..."

"గిటార్లు కాదు. పాట."

చౌడేశు నోరు తెరిచాడు. వెతికాడు. ప్రతి గిటారు గొంతూ చెవిలో అట్లాగే ఉంది. ఏ స్వరం ఎంతసేపు నిలిచిందో, ఎక్కడ సన్నగిల్లిందో చెప్పగలడు. పాట మాత్రం లేదు.

కుర్రాళ్లలో మదనపల్లె నుంచే పోయినవాడొకడు, చెప్పాలా వద్దా అన్నట్టు చిన్నగా అన్నాడు. "కోతల పండుగ పాటన్నా. ఒకే పాట. ఒక్కో చరణం ఒక్కో గిటారు మీద వాయించినాడు."

ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆ పాట రానివాళ్లు లేరు. కొత్త పంట వచ్చినప్పుడు చర్చీల్లో పాడతారు. మగ్గాల ముందు కూర్చుని చౌడేశు వీధివాళ్లు కూడా కూనిరాగం తీస్తారు.

చౌడేశు ఎలీశమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. చెంపలు తడిసి ఉన్నాయి.

"చివరి చరణం ఆయమ్మ పాడింది" అన్నాడు మాస్టారు.

"పాడిందా?"

అడిగాక గుర్తొచ్చింది. ప్లైవుడ్ గిటారు మోగుతున్నప్పుడు దాని మీద ఇంకేదో సన్నటి శబ్దం వచ్చి పడింది. చెక్కను విననివ్వకుండా అడ్డం వచ్చింది. అతను దాన్ని పక్కకు నెట్టేసి, మిగిలింది విన్నాడు.

నెట్టేసింది ఒక మనిషి గొంతును.

చౌడేశు నిలబడ్డ చోటే కూలబడ్డాడు. మాస్టారు ఆ గిటారును తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు.

"ఇది నువ్వు బాగుచెయ్యి" అని, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎలీశమ్మ వెళ్లాక చౌడేశు ఆ గిటారును చాలాసేపు అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. చేసిన తప్పు దిద్దుకోవాలని ఉంది. మర్నాడు మాస్టారి ముందు నిలబడి అడిగాడు. "ఈ ముందు పలక తీసేసి స్ప్రూస్ వేస్తాను మాస్టారూ. నా కోసం దాచుకున్న పలక ఉంది. నిజమైన గిటారవుతుంది."

"నన్నెందుకు అడుగుతావు? వాయించేది నేనా?"

ఆదివారం చౌడేశు బస్సెక్కి ఎలీశమ్మ పల్లెకు పోయాడు. రేకుల కప్పు చర్చి. ఆరాధన ఇంకా అయిపోలేదు. గుమ్మం బయట నిలబడ్డాడు. లోపల గిటారు లేకుండానే పాడుతున్నారు. ఎలీశమ్మ ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. చరణం అయినప్పుడల్లా ఆమె చేయి ఖాళీ గాలిలో తీగలు వెతుక్కున్నట్టు కదిలి, ఆగిపోతోంది.

తరవాత ఇంటికి పిలిచి సంగటి పెట్టింది. మొన్నటి మాట ఎత్తలేదు. అతను ఎత్తబోతే, "తిను నాయనా, చల్లారిపోతుంది" అంది.

చేయి కడుక్కున్నాక చౌడేశు అడిగాడు. "అమ్మా, ముందు పలక మారిస్తే దాని గొంతు గంట మోగినట్టు అవుతుంది. మార్చమంటావా?"

ఎలీశమ్మ ఆలోచించింది. "రెండో తీగ మీటితే జుమ్మని ఒక చప్పుడొస్తుంది చూడు. తుమ్మెద మాదిరి. మా ఇంటాయన యోనా దాన్ని తుమ్మెద తీగ అనేవాడు. తీయించుకోమని అందరూ అనేవాళ్లు. నేనూ అన్నా. ఉండనీలే, నాకు తోడు పాడతాంది అనేవాడు." అతని చేతుల వైపు చూసింది. "అది పోకుండా చేయగలవా నాయనా?"

గిటారులోంచి జుమ్మనే చప్పుడును తీసేయడం చౌడేశుకు చిటికెలో పని. ఉంచమని అడిగినవాళ్లు ఇంతవరకు లేరు.

షెడ్డుకు వచ్చి పని మొదలుపెట్టాడు. తీగలు విప్పాడు. పలకకు లోపలి వైపు దన్నుగా ఉండి ఊడిన బద్దలకు జిగురు పెట్టాడు. కుంగిన పలకను నీళ్ల ఆవిరితో, బరువులతో కొంచెం కొంచెంగా పైకి లేపాడు. అంతా కుదిరాక తీగలు కట్టి, రెండో తీగ మీటాడు.

శుభ్రంగా మోగింది. తుమ్మెద లేదు.

మళ్లీ మీటాడు. లేదు. ఒక మనిషికి మిగిలి ఉన్న దాన్ని తన చేతులతో తుడిచేశాడు.

కళ్లు మూసుకున్నాడు. ఆరోజు చీకటి గదిలో విన్నదాన్ని పిలిచాడు. అతని చెవి అతన్ని వదిలేయలేదు. జుమ్మన్న ఆ చప్పుడు ఎంత మందం, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, అంతా ఉంది. దానితో పాటే, తాను ఆరోజు నెట్టేసిన గొంతు కూడా వచ్చింది. ఈసారి రానిచ్చాడు. తుమ్మెద ఆ గొంతుకు కొంచెం కింద, దాన్ని ఆనుకుని నడుస్తోంది.

మళ్లీ తీగలు విప్పాడు. ఏ బద్ద కొస వెంట్రుకంత వదులై ఉండి అట్లా జుమ్మందో వెతుక్కుంటూ పోయాడు. తాను పెట్టిన జిగురును వేడి చేసిన చాకుతో తానే ఊడదీశాడు. కట్టాడు, విప్పాడు, మళ్లీ కట్టాడు. ఎన్ని దినాలు పట్టిందో అతను చూసుకోలేదు. షెడ్డుకు వచ్చినవాళ్లు ఏ చెక్క మంచిదని అడిగితే, వినపడనట్టు పని చేసుకుంటూ పోయాడు.

ఒక సాయంత్రం రెండో తీగ జుమ్మంది.

వెనక చిత్రిక చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే, మాస్టారు చేతిలో చిత్రికను అట్లాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాసేపటికి మళ్లీ పనిలో పడ్డాడు.

ఎలీశమ్మ వచ్చింది. గిటారును ఒళ్లోకి తీసుకుని, వేరే ఏ తీగనూ తాకకుండా రెండో తీగ మీటింది. మీటిన వేలు అక్కడే నిలిచిపోయింది. మళ్లీ మీటింది. తరవాత చిన్నగా పాడడం మొదలుపెట్టింది.

గింజ మట్టిలోకి పోయింది, పొద్దు కొండ మీద నిలిచింది, చినుకు దారి మరిచిపోలేదు. ఇవీ మాటలు. చౌడేశు పుట్టినప్పటి నుంచి విన్న మాటలే. ఆ మాటలు ఎలీశమ్మ గొంతులోంచి వచ్చి, డొల్ల చెక్కలోకి దిగి, తుమ్మెదతో కలిసి మళ్లీ లేస్తుంటే, అతనికి ఎక్కడ మనిషి ఆగి ఎక్కడ గిటారు మొదలవుతోందో తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. రోడ్డు మీద పోయే ఆటో ఒకటి షెడ్డు ముందు నెమ్మదించి ఆగింది.

చరణం అయిపోయింది.

"ఎట్లుంది చౌడేశూ?" అన్నాడు మాస్టారు.

చౌడేశు ఎలీశమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, ఇంకో చరణం ఉందా?"

"ఉంది నాయనా."

అతను ముందుకు జరిగి, చెక్క పొట్టు నిండిన నేల మీద ఆమె ఎదురుగా కూర్చున్నాడు. మాస్టారు చిత్రిక పక్కన పెట్టి వచ్చి, అతని పక్కన కూర్చున్నాడు.